గ్వాలియర్ కొండ ఎక్కొచ్చాను గురూ

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ గురూ,

మోకాలు ఎలా ఉంది? కట్టు విప్పేశారా? డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు కాబట్టి ఊరుకున్నాను గానీ లేకపోతే నిన్ను భుజాన వేసుకునైనా లాక్కుపోయేవాణ్ణి. చివరి నిమిషంలో నీ టికెట్టు కాన్సిల్ చేశానా, ఆ బెర్తు ఒక పెద్దాయనకి దొరికింది. రాయ్‌పూర్ దాకా ఆయన గురకే. నీ గురకే నయంరా, మధ్యమధ్యలో కాస్త రాగమైనా ఉంటుంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్లో అయితే నువ్వు రెండో మాటకే పాట అందుకుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మంచం మీదే ఉన్నావు కాబట్టి తీరిగ్గా చదువుకో.

సమతా ఎక్స్‌ప్రెస్‌లో మన స్టేషన్లో పొద్దున్న ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి గ్వాలియర్. మీ చెల్లెలు కట్టిన పులిహోర నాలుగు పూటలకి సరిపోతుందనుకున్నాం. రాయగడలోనే అయిపోయింది. ప్రయాణం గురించి అంతకన్నా చెప్పడానికేం లేదు.

ఇక కోట. మన కోట చూశాక కోట అంటే చదును నేల మీద కందకం, పెద్ద గుమ్మం, లోపల కాలేజీలు, సైకిళ్ళు అనే కదా మన లెక్క. ఇది అలా కాదు. రామతీర్థం బోడికొండని రెండు చేతులతో పట్టుకుని పొడుగ్గా సాగదీసి, తల చెక్కేసి, అంచు చుట్టూ గోడ కట్టినట్టు ఊహించుకో. ఊరి మధ్యలో నిలబడి ఉంటుంది. వంద మీటర్ల ఎత్తు ఉంటుందేమో, పొడవు మాత్రం రెండు కిలోమీటర్లకి పైమాటే. కింద బజారులో ఏ సందులోంచి తలెత్తినా అదే కనిపిస్తుంది. ఆ ఊళ్ళో తప్పు చేసినవాడికి ఎంత బెంగగా ఉండేదో!

పైకి రెండు దారులు. ఉర్వాయి గేటు వైపు ఆటోలు, కార్లు వెళతాయి. గూజరీ మహల్ వైపు నడిచే ఎక్కాలి. మనం కుర్రాళ్ళమే కదా అనుకుని నడక దారి పట్టాను. రెండో గుమ్మం దాటేసరికి చెప్పు తెగింది. మీ చెల్లెలు చీర నుంచి పిన్నీసు తీసి ఇచ్చింది, ఒక చూపు కూడా ఇచ్చింది. మిగతా కోటంతా నేను పిన్నీసు చెప్పుతోనే చూశాను.

ఆ దారిలోనే ఒక చిన్న గుడి ఉంది, చతుర్భుజ్ మందిర్. కొండరాయినే తొలిచిన గుడి. అందులో 876 నాటి శాసనం ఉంది. గుడికి పూలతోట రాసిచ్చారట: 270 మూరల పొడవు, 187 మూరల వెడల్పు. రోజుకి 50 పూలదండలు ఇవ్వాలట. ఆ 270 చివర, 50 చివర చిన్న గుండ్రటి సున్నా చెక్కి ఉంది. మన దేశంలో రాతి మీద మిగిలిన పాత సున్నాల్లో ఇదొకటి. సున్నా చూడగానే నువ్వు గుర్తొచ్చావు. తొమ్మిదో తరగతి ఆరునెలల పరీక్ష, లెక్కల పేపరు. ఇంతకన్నా చెప్పను, చెల్లెమ్మ కూడా చదువుతుందేమో.

పైన హాథీ పోల్ అనే గుమ్మం దాటగానే మాన్ మందిర్, పేరుకి మందిరమే గానీ రాజభవనం. మాన్‌సింగ్ తోమర్ అని ఒక రాజు కట్టించాడు, 1486 నుంచి 1516 దాకా ఏలినవాడు. గోడల మీద నీలం, పసుపు, ఆకుపచ్చ పెంకులతో బొమ్మలు. బాతుల వరస చూస్తే ఇప్పుడే చెరువులోంచి లేచి నడుస్తున్నాయనిపిస్తుంది. అరటిచెట్లు కూడా ఉన్నాయి! ఐదువందల ఏళ్ళ ఎండావానా తిన్న నీలం ఇంకా నీలంగానే ఉంది. మనవాడు మొన్న సంక్రాంతికి వేయించిన ఇంటి రంగు అప్పుడే పెచ్చులూడుతోంది. ఈ మాన్‌సింగ్‌కి సంగీతం పిచ్చి. ధ్రుపద్ అనే హిందుస్తానీ పాట పద్ధతి ఈయన కొలువులోనే కాళ్ళూనుకుందంటారు. లోపలి చిన్న ముంగిళ్ళలో పాటలు, పై గదుల రాతి జాలీల వెనక కూర్చుని రాణులు వినడం.

అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత గైడు నేలమాళిగలోకి తీసుకెళ్ళాడు.

ఇరుకు మెట్లు, ఒకరి వెనక ఒకరే దిగాలి. కింద గుండ్రటి గది, చుట్టూ స్తంభాలు. గోడల్లో ఏటవాలుగా తొలిచిన బెజ్జాల్లోంచి కాస్త వెలుతురు, కాస్త గాలి వస్తాయి. గబ్బిలాల కంపు. ఎండాకాలం చల్లగా ఉండడానికి కట్టిన గది ఇది. పైకప్పుకి కొక్కేలున్నాయి, రాణులు ఊయల ఊగేవారట. ఆ తర్వాత మొగలాయిలు కోటని తీసుకుని ఈ గదుల్నే జైలు చేశారు, అవే కొక్కేలకి ఖైదీల్ని వేలాడదీసేవారు అన్నాడు గైడు. ఈ వేలాడదీయడం సంగతి నాకు నమ్మకం కుదరలేదురా. గైడులకి భయపెట్టడం కూడా రేటులో భాగమే. కానీ నిజంగా జరిగిన సంగతులు అంతకన్నా భయంగా ఉన్నాయి.

ఈ జైలు దొంగల కోసం కాదు. అయినవాళ్ళ కోసం. షాజహాన్ నలుగురు కొడుకుల్లో ఆఖరివాడు మురాద్. అన్న ఔరంగజేబుతో చేయి కలిపి 1658లో పెద్దన్న దారాని యుద్ధంలో ఓడించాడు. కొన్ని వారాలు తిరక్కుండానే ఆ అన్నే విందుకి పిలిచి, బాగా తాగించి, నిద్రపోయాక సంకెళ్ళు వేయించాడు. చివరికి ఈ కొండ మీదికి తెచ్చి పడేశాడు. మురాద్ తనకిచ్చిన తిండిలో సగం కోట బయట బిచ్చగాళ్ళ వేషంలో ఉన్న తనవాళ్ళకి పెట్టేవాడట. వాళ్ళు ఒక రాత్రి గోడకి తాడు నిచ్చెన కట్టారు. ఇంక దిగిపోవడమే. దిగే ముందు తనతో ఉన్న సరస్వతీబాయికి ఒక మాట చెప్పి వెళదామనుకున్నాడు. ఆమె తట్టుకోలేక బిగ్గరగా ఏడ్చింది. కాపలావాళ్ళు లేచారు, దివిటీలు వచ్చాయి, నిచ్చెన దొరికిపోయింది. ఖాఫీ ఖాన్ అనే మొగలాయి చరిత్రకారుడు తర్వాతెప్పుడో రాసిన సంగతి ఇది. చెప్పకుండా వెళ్ళిపోతే బతికేవాడు కదరా అన్నాను మీ చెల్లెలితో. "చెప్పకుండా వెళ్ళేవాడి కథ మూడొందల ఏళ్ళు ఎవరు చెప్పుకుంటారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

చంపడానికి కూడా ఔరంగజేబు చేతికి మట్టి అంటకుండా చూసుకున్నాడు. మురాద్ గుజరాత్‌లో ఉన్నప్పుడు తన దివాను అలీ నకీని తానే చంపాడు. ఆ దివాను కొడుకు చేత న్యాయం అడిగించి, ఖాజీ చేత తీర్పు చెప్పించి, 1661 డిసెంబర్లో ఇక్కడే తల తీయించాడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయన్నమాట.

దారా పెద్దకొడుకు సులేమాన్ షికోది ఇంకో రకం చావు. బెర్నియర్ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ రోజుల్లో మన దేశంలోనే ఉన్నాడు. ఆయన రాసినదాని ప్రకారం, గసగసాల కాయల్ని నలిపి రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టి, తెల్లారగానే ఖైదీకి ఆ కషాయం పట్టించేవారు. అది తాగితేగానీ తిండి పెట్టేవారు కాదు. తాగేకొద్దీ మనిషి చిక్కిపోయి, బుద్ధి మందగించి, తనెవరో తనకే తెలియకుండా పోతాడు. దాన్ని పోస్తా అనేవారు. ఆ కుర్రాడు ఔరంగజేబు ఎదుట నిలబడి, చంపితే ఒక్కసారే చంపించు, ఆ కషాయం మాత్రం వద్దు అని వేడుకున్నాడట. ఇవ్వనని ఔరంగజేబు మాట ఇచ్చాడట. 1662లో సులేమాన్ ఈ కోటలోనే పోయాడు. మాట ఏమైందో నువ్వే ఊహించుకో.

సులేమాన్ తమ్ముడు సిపిహ్ర్ షికో కూడా చిన్నవాడుగా ఇక్కడికి వచ్చి ఏళ్ళ తరబడి ఉన్నాడు. తర్వాత పినతండ్రి ఔరంగజేబు వాణ్ణి విడిపించి 1673లో తన కూతుర్నే ఇచ్చి పెళ్ళి చేశాడు. మన వరసల్లో వాళ్ళు అన్నాచెల్లెళ్ళు, అది వేరే సంగతి, ఎవరి ఆచారం వాళ్ళది. తండ్రినీ అన్ననీ తీసేసినవాణ్ణి మామగారూ అని పిలవాలంటే నోరెలా వచ్చిందో. ఔరంగజేబు కన్నకొడుకు మహమ్మద్ సుల్తాన్ కూడా ఇదే కొండ మీద ఖైదు అనుభవించాడు. అన్నదమ్ముల పొలం గట్టు గొడవలు మన ఊళ్ళలో ఎన్ని చూశాం. వాళ్ళ గట్టు దేశమంత ఉంది, అంతే.

నన్ను పట్టుకున్నది ఏమిటో తెలుసా? ఆ గది జైలు కావడానికి ఒక్క రాయి కూడా మార్చక్కర్లేకపోయింది. లోతు, మందపాటి గోడలు, ఇరుకు మెట్లు, చిన్న బెజ్జాలు. చల్లదనానికి పనికొచ్చినవన్నీ ఖైదుకీ పనికొచ్చాయి. గైడు ఒకసారి సన్నగా కూనిరాగం తీశాడు. గది మొత్తం మోగింది. "మీరూ పాడండి సాబ్" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. నువ్వుంటే పాడేవాడివా? రైలు దిగినప్పటి నుంచీ ఇదే అనుకుంటున్నాను.

బయటికొచ్చాక ఎండ ఎంత బాగుందో. దగ్గర్లోనే సిక్కుల గురుద్వారా, దాతా బందీ ఛోడ్. ఆరో గురువు హరగోవింద్‌ని జహంగీర్ ఈ కోటలోనే బంధించాడు. విడుదల చేస్తానన్నప్పుడు, నాతో ఉన్న 52 మంది రాజులూ వస్తేనే వస్తానన్నాడట గురువు. నీ అంగీ అంచు పట్టుకున్నవాళ్ళనే వదులుతాను అన్నాడట పాదుషా. గురువు 52 కుచ్చులున్న అంగీ కుట్టించుకున్నాడని సిక్కులు చెప్పుకుంటారు. దీపావళి నాడు వాళ్ళు ఈ విడుదల పండగే చేసుకుంటారు. లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ ఊరికే పెట్టే భోజనంలో, రొట్టె, పప్పు తిన్నాం. ఆ గది నుంచి వచ్చి ఈ కథ వింటే, పప్పు రుచే వేరుగా ఉంది.

మిగతావి గబగబా. సాస్ బహూ గుళ్ళు, అంటే అత్తాకోడళ్ళ గుళ్ళు. 1093 నాటి విష్ణుమూర్తి గుడి, సహస్రబాహు అన్న పేరే నలిగి అత్తాకోడళ్ళయిందట. పెద్దది అత్తగారిది అని ఫొటో తీసి మా అమ్మకి చూపించాను, సంతోషించింది. తర్వాత తేలీ కా మందిర్. తేలీ అంటే గానుగవాళ్ళు, మన తెలికలవాళ్ళలాగే. కొందరేమో తెలంగాణ మందిర్ అన్న మాటే అలా మారిందంటారు, శిఖరం చూస్తే మన దక్షిణాది గోపురాన్ని తలపిస్తుంది మరి. గైడు ఈ మాట చెప్పగానే నేను ఆ గుడి మనదే అన్నట్టు ఛాతీ విరిచాను, పిన్నీసు చెప్పుతో. మన కోటలో కాలేజీలున్నట్టే ఇక్కడా బడి ఉంది, సింధియా స్కూల్, 1897లో పెట్టారు. దిగేటప్పుడు ఆటోలో ఉర్వాయి వైపు వచ్చాం. కొండకొమ్ము రాతిలో జైన తీర్థంకరుల విగ్రహాలు, ఒకటైతే 57 అడుగులు.

మర్నాడు నీ కోసమే అక్బరు కొలువు పాటగాడు తాన్‌సేన్ సమాధికి వెళ్ళాను. ఇంత పెద్ద పేరుకి ఎంత చిన్న సమాధో! పక్కన చింతచెట్టు. ఆ ఆకు నమిలితే గొంతు తియ్యనవుతుందని పాటగాళ్ళు దూరాల నుంచి వస్తారట. మ్యూజిక్ కాలేజీ మెట్ల మీద కూర్చుని సాధన చేసిన నీకు ఇది ఇవ్వకపోతే ఎలా? నాలుగు రెమ్మలు కాగితంలో మడిచి ఈ కవర్లోనే పెట్టాను. గజక్ అని నువ్వుల జీడి లాంటిది ఒక పొట్లం వేరేగా కొన్నాను, అది శ్రీకాకుళం వచ్చినప్పుడు తెస్తాను, ఈలోగా మా ఇంట్లో మిగిలితే.

చింతాకు మాత్రం నువ్వే నమిలి, ఏం పాడావో రాయి. చెల్లెమ్మకి ముందే చెప్పు, చూసుకోకుండా పప్పులో వేసేయగలదు.

నీ
బెంచీ జోడీ