ద్రాక్ష తోటలకూ జనుము విత్తనం ఇప్పించండి: తెలంగాణ ఉద్యాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఏటా వానాకాలం ముందు ప్రభుత్వం జీలుగ, జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట పైర్ల (నేలకు ఎరువుగా పెంచేవి) విత్తనాలు సబ్సిడీ మీద ఇస్తోంది. మంచి పని. మేం అడిగేది ఒక్కటే, అందులో ద్రాక్ష తోటలకూ వాటా పెట్టండి. పోయినసారి విత్తనం కోసం వెళ్తే "అది వరి వేసేవాళ్లకండీ, తోటలకు కాదు" అని పంపేశారు, మళ్లీ వెళ్లేసరికి స్టాక్ లేదు. పచ్చిరొట్ట అంటే వరి నాటే ముందు దమ్ములో (బురద దుక్కిలో) కలియదున్నేదే అన్న లెక్క ఇంకా మారలేదు.

ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష రకం అంటే హైదరాబాదే. మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు ఎన్ని ద్రాక్ష పందిళ్లు ఉండేవో మీకు తెలియంది కాదు, ప్లాట్లు పడి చాలావరకు పోయాయి. మిగిలిన తోటల్లో నేల చూడండి సార్. మందు కొట్టే ట్రాక్టర్ సీజనంతా సాళ్ల మధ్య అదే దారిలో తిరుగుతుంది, ఆ చక్రాల జాడలో గడ్డపార దిగదు, వాన పడితే నీళ్లు ఇంకకుండా రోజుల తరబడి నిలుస్తాయి. కలుపు లేకుండా శుభ్రంగా కనబడాలని రోటావేటర్ వేస్తే పైపైన పారే పీచు వేర్లు తెగిపోతాయి. కలుపు మందు కొడితే నేల బోసిపోయి ఎండకు మాడుతుంది.

ఆ సాళ్ల మధ్యే జనుము చల్లితే దాని వేర్లే నేలను గుల్ల చేస్తాయి, నేలకు నత్రజని పడుతుంది, కలుపును అణిచేస్తుంది, వేర్ల మీద బుడిపెలు తెచ్చే నులిపురుగులూ (నేలలోని కంటికి కనబడనంత చిన్న పురుగులు) తగ్గుతాయి. (అలసంద అయితే ఆ పురుగులకు ఆశ్రయమిస్తుంది, అవి ఉన్న తోటలకు అది వద్దు.) "ఉన్న బోరు నీళ్లు తీగకే చాలట్లేదు, ఇంకా దీనికెక్కడివి అన్నా" అని పక్క తోట రైతులు అడుగుతారు, ఆ భయం న్యాయమైనదే, ఎండాకాలంలో పచ్చగా ఉంచితే అది తీగతో పోటీ పడుతుంది. అందుకే వాన మీద పెంచి, పూత మొదలవగానే, అంటే దాదాపు 45 రోజులకు కోసి, తీగ మొదళ్ల దగ్గర డ్రిప్ పైపుల మీద పరచాలి. ఆలస్యం చేస్తే కాడ నార తేలి కోత మెషిన్ బ్లేడ్లకు చుట్టుకుంటుంది. పైగా అక్టోబర్‌లో తీగల కత్తిరింపు నాటికి పందిరి కింద జనుము గుబురుగా ఉంటే తేమ నిలిచి బూజు తెగులుకు దారి ఇచ్చినట్టే.

ఇక్కడ అసలు చిక్కు టైమే. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత కొన్ని వారాలే పందిరి కింద ఎండ పడుతుంది, కొత్త చిగుళ్లు అల్లుకున్నాక నీడలో జనుము సన్నగా, పీలగా సాగుతుంది తప్ప బలం పట్టదు. వరి దమ్ములను చూసుకుని ఆలస్యంగా వచ్చే విత్తనం మాకు పనికిరాదు, మొదటి వాన పడేటప్పటికే చేతిలో ఉండాలి.

రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా స్థానం ఉంది కదా, అక్కడి శాస్త్రవేత్తలతో రైతుల తోటల్లోనే సగం సాళ్లలో జనుము వేయించి, సగం వదిలేసి చూపించమనండి, కళ్లతో చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. పందిరి కింద పట్టే చిన్న గడ్డి కోత మెషిన్లు అద్దెకు దొరికేలా చేయండి, ఒక్కో రైతు సొంతంగా కొనే ఖర్చు కాదది. వచ్చే సీజన్ విత్తనాల ఇండెంట్ (ఎంత కావాలో రాసే జాబితా) పెట్టేటప్పుడే ద్రాక్ష విస్తీర్ణం కూడా కలిపి రాయించి, మే మూడో వారానికల్లా మండలాలకు చేర్పించండి.

ఇట్లు,
మేడ్చల్ వైపు ఒక ద్రాక్ష రైతు