పచ్చ ఇంకుల్లో ఏవి ఉంచుతున్నాం, ఏది ఆపేస్తున్నాం

అనంతపురం ఆఫీసుల్లో సంతకాలు పెట్టే అధికారులు, జవాబు పత్రాలు దిద్దే మాస్టర్లు మా అంగట్లో ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "ముదురు పచ్చ సీసాలు మూడు పెట్టినారు, మూడూ ఒకే మాదిరి ఉన్నాయి. ఏది తీసుకోవాలి?" ఆ మూడు ఫౌంటెన్ పెన్ ఇంకులు పెలికాన్ 4001 డార్క్ గ్రీన్, డయమైన్ షెర్‌వుడ్ గ్రీన్, పైలట్ ఇరోషిజుకు షిన్‌ర్యోకు. ఇకపై మొదటి రెండే అరలో ఉంటాయి. మూడోది కావాలంటే ఆర్డరు మీద తెప్పిస్తాం.

ఇయర్‌బడ్‌తో దళసరి కాగితం మీద పూస్తే తేడా కనిపిస్తుంది. పెలికాన్‌లో కాస్త బూడిద ఛాయ ఉంటుంది. షెర్‌వుడ్ నిండైన అడవి పచ్చ. షిన్‌ర్యోకు నీలం వైపు మొగ్గుతుంది. కానీ ఎవరూ ఇయర్‌బడ్‌తో సంతకం పెట్టరు కదా! సన్న పాళీతో రాసి ఆరనిచ్చి చూస్తే, రంగులు చూసి చూసి అలవాటైన కన్ను కూడా తడబడుతుంది. అంత దగ్గరి రంగులకు మూడు సీసాల డబ్బు పెట్టమని మేం చెప్పలేం.

అసలు తేడా పారడంలో ఉంది. పెలికాన్ 4001 ఇంకులు పొడిగా, నెమ్మదిగా పారతాయి. ఇరోషిజుకు ధారాళంగా పారుతుంది, షెర్‌వుడ్ ఈ రెండింటికీ నడుమ. ఆఫీసుల్లో వాడే 70 జీఎస్‌ఎం జిరాక్స్ కాగితం ఇంకును పీల్చేస్తుంది. ధారాళమైన ఇంకు, లావు పాళీ కలిస్తే గీత అంచులు వేళ్ళు పట్టినట్టు పాకుతాయి, వెనక పేజీలో మచ్చలు తేలతాయి. అలాంటి కాగితానికి పెలికానే నయం. అదే ఇంకును గీరుకుపోయే సన్న పాళీలో పోస్తే గీత పలచబడుతుంది, ఒక్కోసారి అక్షరం మధ్యలో తెగుతుంది. అక్కడ షెర్‌వుడ్ పోయండి. మంచి కాగితం, మధ్యరకం పాళీ ఉన్నవాళ్ళు షిన్‌ర్యోకు వాడితే హాయిగా ఉంటుంది, ధర భరించగలిగితే.

లేత పచ్చల సంగతి వేరు. పెలికాన్ బ్రిలియంట్ గ్రీన్, లామీ గ్రీన్ రెండూ ఉల్లాసంగా కనిపిస్తాయి, దిద్దుబాటుకు బాగుంటాయి. సంతకానికి మాత్రం ఆలోచించుకోండి. నలుపు తెలుపు జిరాక్సులో లేత పచ్చ బాగా పలచబడుతుంది, ఆకుపచ్చ లెడ్జర్ కాగితం మీదైతే కళ్ళు చికిలించి వెతుక్కోవాలి. ఇరోషిజుకు చికురిన్ మరీ పసుపు పచ్చ, నోట్‌బుక్ సరదాకే. వాటర్‌మన్ హార్మోనియస్ గ్రీన్ పేరుకే పచ్చ, చూస్తే నెమలికంఠం. చెక్కులకు స్కానులో బాగా పడే రంగు ఇంకులు వాడమని రిజర్వ్ బ్యాంకు మాట, కాబట్టి అక్కడ నీలమో నలుపో రాయండి. కేంద్ర ప్రభుత్వ ఆఫీస్ ప్రొసీజర్ మాన్యువల్ కూడా పచ్చ, ఎరుపు ఇంకుల్ని జాయింట్ సెక్రటరీ, ఆపై స్థాయివాళ్ళే, అదీ అరుదుగా వాడొచ్చంటుంది. మన దగ్గర గెజిటెడ్ సంతకానికి పచ్చ అలవాటు ఇంకా బలంగానే ఉంది.

మొదట చెప్పిన ముదురు పచ్చలు మూడూ రంగు కలిసిన నీళ్ళే. తడి తగిలితే అలుక్కుపోతాయి. నీళ్ళకు చెదరకూడని కాగితాలకు డి అట్రమెంటిస్ డాక్యుమెంట్ గ్రీన్ లాంటి పిగ్మెంట్ ఇంకు (నీళ్ళలో కరగని రంగు పొడితో చేసేది) కావాలి. అది పోసిన పెన్నును వాడకుండా పక్కన పెడితే లోపల గట్టిపడి ఫీడ్ (పాళీ కింద ఉండి ఇంకును అందించే ముక్క) మూసుకుపోతుంది, వదిలించడం కష్టం. రోజూ రాసేవాళ్ళకే ఇస్తాం.

ఇంట్లోనే రెండు ఇంకులు పోల్చాలంటే, రెండింటినీ ఒకే పెన్నుతో లేదా గాజు కలంతో రాయండి. వేర్వేరు పెన్నులతో రాస్తే పోల్చేది పాళీలను. ఆరాక, ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ పక్క నీడలో చూడండి. చాలా పచ్చలు నీలం, పసుపు రంగుల కలయిక. అది చూడాలంటే, టిష్యూ కాగితం పట్టీ మీద అడుగునుంచి సెంటీమీటరు పైన ఒక చుక్క పెట్టి, అడుగు అంచును నీళ్ళకు తాకించండి. నీళ్ళు పైకి ఎక్కేకొద్దీ రంగులు విడిపోతాయి. ఎండకు ఏది వెలుస్తుందో చూడాలంటే, రాసిన కాగితంలో సగం అట్టతో కప్పి ఎండ పడే కిటికీకి అతికించండి. మన ఎండలకు ఎక్కువ రోజులు ఆగనక్కరలేదు.

వేసవిలో వచ్చే రెండు ఫిర్యాదులకు ఇంకు తప్పేం లేదు. పచ్చ రానురాను ముదురై చిక్కబడిందంటే, మూతలోంచి నీరు ఆవిరైపోయిందన్నమాట. రాసేముందు పాళీని నీళ్ళ చుక్కకు తాకిస్తే చాలు. బోరు నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పులు ఫీడ్‌లో పేరుకుంటాయి. పెట్రోల్ బంకులో దొరికే బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్ వాడండి (యాసిడ్ డబ్బా కాదు, లేబుల్ చదవండి). ఇక చుక్కలు కారడం. గొట్టంలోనే ఇంకు పోసే పెన్నులో మూడోవంతు కన్నా తగ్గితే మిగతాదంతా గాలే. చేతి వేడికి, జేబు వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును పాళీలోంచి నెట్టేస్తుంది. సగానికి రాగానే నింపుకోండి. పెన్ను నిలువుగా పెట్టుకోండి.

నీలం వాడిన పెన్నులో పచ్చ పోసేముందు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఫీడ్ నీలాన్ని లోపల దాచుకుంటుంది, పాళీ ఉన్న ముందు భాగాన్ని రాత్రంతా చన్నీళ్ళలో ఉంచితే వదులుతుంది. వేడినీళ్ళలో వేస్తే ఎబొనైట్ రంగు మారుతుంది. రెండు ఇంకుల్ని సీసాలో కలపొద్దు, కొన్ని కలిస్తే అడుగున గసి పేరుకుంటుంది.

వాట్సాప్‌లో ఫోటో పంపమని అడుగుతున్నారు. ఫోన్ ఒక పచ్చను ఇంకో పచ్చగా చూపిస్తుంది కాబట్టి పంపడం మానేస్తున్నాం. దానికి బదులు, తెరిచి ఉన్న ప్రతి పచ్చ నుంచీ 2 మిల్లీలీటర్ల శాంపిల్ సీసాలు కడుతున్నాం, ఒక కన్వర్టర్‌ను (పెన్నులో ఇంకు పీల్చుకునే చిన్న గొట్టాన్ని) రెండుసార్లు నింపేంత. మీ పెన్ను, మీ ఆఫీసు కాగితం తెచ్చుకుని కౌంటర్ దగ్గరే రాసి చూడొచ్చు. మూత తీసిన పెద్ద సీసా మాత్రం వెనక్కి తీసుకోం.