కూపన్లు పోగేసి కుట్టిన బట్టలు

అమ్ములూ,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట నన్ను ఇంకా వదల్లేదు. "న్యూస్ పెడితే యుద్ధంలో కూలిపోయిన ఇళ్ళు, గుక్కపట్టి ఏడ్చే పిల్లలు. నేనేమో ఇక్కడ కూర్చుని స్టేజీ డ్రెస్సుకని నెట్ గుడ్డకి కుచ్చులు పెడుతున్నాను. ఇదేం చదువమ్మా, సిగ్గేస్తోంది" అన్నావు. ఆ పూట షాపులో ఇద్దరు పిల్లల రంగప్రవేశం డ్రెస్సులు చేతిలో ఉన్నాయి, విసనకర్ర కుచ్చిళ్ళు ఇస్త్రీ బల్ల మీద ఉన్నాయి, తర్వాత మాట్లాడతాలే అని పెట్టేశాను. పనొక్కటే కాదు, నాకు అప్పటికప్పుడు జవాబు కూడా దొరకలేదు. ఇప్పుడు దొరికింది. పొడుగైనా చివరిదాకా చదువు.

కిందటేడు నేను లండన్ వచ్చినప్పుడు నన్ను మ్యూజియంకి తీసుకెళ్ళావు కదా. అక్కడ బ్యాలే అనే పాశ్చాత్య నాట్యం డ్రెస్సు ఒకదాని దగ్గర నేను ఆగిపోతే "పదమ్మా, ఇంకా చాలా ఉన్నాయి" అని చెయ్యి పట్టుకుని లాగావు. అది 1946లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపేరా హౌస్‌లో ఆడిన స్లీపింగ్ బ్యూటీ అనే బ్యాలే డ్రెస్సు. దూరం నుంచి మహారాణి బట్టల్లా ఉంది, దగ్గరికెళ్ళి చూస్తే అంత ఖరీదైన సరుకేమీ కాదని నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళుగా పట్టు, జరీ పట్టుకున్న చేతులు కదా. ఇంత తక్కువ సరుకుతో అంత రాజసం ఎలా తెచ్చారా అని ఇంటికొచ్చాక దాని గురించి దొరికిందల్లా చదివాను. చదివే కొద్దీ అది బట్టల కథ ఒక్కటే కాదని అర్థమైంది.

ఆ కథ 1940 మే నెలలో హాలండ్‌లో మొదలవుతుంది. నువ్వు ఇప్పుడు రాయల్ బ్యాలే అంటావే, ఆ కంపెనీని అప్పట్లో విక్-వెల్స్ అనీ, తర్వాత శాడ్లర్స్ వెల్స్ అనీ అనేవారు. దాన్ని నిలబెట్టిన నినెట్ ద వాల్వా తన దగ్గర నాట్యం చేసే పిల్లల్ని వెంటేసుకుని అక్కడ ప్రదర్శనలకు వెళ్ళింది. వాళ్ళలో తర్వాత గొప్ప పేరు తెచ్చుకున్న నర్తకి మార్గో ఫాంటేన్‌కి అప్పటికి ఇరవయ్యొకటి నిండటానికి ఇంకో వారం ఉంది. మే 10న జర్మన్ సైన్యం హాలండ్ మీద పడింది. వీళ్ళు ఎలాగో సముద్రం ఒడ్డుకి చేరి సరుకుల ఓడలో ఇంగ్లండ్ తిరిగొచ్చారు. ప్రాణాలు దక్కాయి, కానీ ఆరు బ్యాలేల బట్టలు, తెరలు, సంగీతం రాసుకున్న కాగితాలు అన్నీ అక్కడే పోయాయి. వాటిలో హోరోస్కోప్ అనే బ్యాలే మళ్ళీ ఎప్పుడూ వేయలేకపోయారు, ఎందుకంటే దాని ఆర్కెస్ట్రా స్వరాల ప్రతి కూడా అక్కడే పోయింది.

ఇది చదివినప్పుడు నాకు మన షాపులోకి వాన నీళ్ళొచ్చిన ఏడాది గుర్తొచ్చింది. నువ్వు ఏడో తరగతి. పెట్టెలో అడుగున పెట్టిన ఎనిమిది డ్రెస్సులు రంగు దిగి ఒకదానికొకటి అంటుకుపోతే మీ నాన్నా నేనూ ఆ రాత్రి నేలమీదే కూర్చుండిపోయాం. కానీ మనకి కొలతల పుస్తకం మిగిలింది, కొట్లో గుడ్డ ఉంది, అప్పిచ్చేవాళ్ళున్నారు. రెండు వారాలు నిద్ర మానుకుని మళ్ళీ కుట్టేశాం. వాళ్ళకి ఆ గుడ్డే లేకుండా పోయింది చూడు.

1941 జూన్ 1న బ్రిటన్ ప్రభుత్వం బట్టలకి రేషన్ పెట్టింది. మనిషికి ఏడాదికి 66 కూపన్లు. ఉన్ని గౌనుకి 11, నూలు గౌనుకి 7, ఆడవాళ్ళ బూట్లకి 5, మేజోళ్ళకి 2. డబ్బున్నా సరే, కూపన్ లేకపోతే కొట్టువాడు ఇవ్వకూడదు. కుట్టుకుందామని గుడ్డ కొన్నా గజానికి ఇన్ని అని కోసుకునేవారు. ఇప్పుడు నువ్వు కుట్టే టూటూని, బ్యాలే అమ్మాయిలు వేసుకునే ఆ నెట్ లంగాని తలుచుకో, నడుం దగ్గర నుంచి వరస మీద వరస, పది పన్నెండు వరసల నెట్ వేస్తే గానీ అది నిలబడదు. ఒక్క అమ్మాయికే అంత గుడ్డ కావాలి, వెనక వరసలో ఇరవైమంది ఉంటారు. ఆ లెక్క వేసుకుంటే నాకే టెన్షన్ వచ్చింది.

మామూలు ఆడవాళ్ళ బట్టలకైతే ఇంకా కట్టుదిట్టం. 1942లో వచ్చిన రూల్స్ చదివి నేను నోరెళ్ళబెట్టాను. గౌనుకి రెండు జేబులు మించకూడదు, ఐదు గుండీలు మించకూడదు, లంగాకి ఆరు కుట్లు, సన్న మడతలైతే నాలుగే నాలుగు. నాలుగు మడతలు! మన దగ్గర ఒక కూచిపూడి విసనకర్రకే ఎన్ని కుచ్చిళ్ళు పడతాయో నీకు తెలుసు. ఎంబ్రాయిడరీ వద్దన్నారు. ఆ హద్దుల్లోనే అందంగా ఉండే నమూనాలు గీయమని రాణిగారికి బట్టలు కుట్టే నార్మన్ హార్ట్‌నెల్‌నీ, హార్డీ ఏమిస్‌నీ, ఇంకా కొందరినీ ప్రభుత్వమే అడిగింది. గీశారు వాళ్ళు. భుజం తీరుగా, నడుం సరిగ్గా, మోకాలి కిందికి కొంచెం, అంతే. అలంకారం ఏమీ చేయడానికి లేదు కాబట్టి కటింగ్ ఒక్కటే దిక్కు. ఆ గౌన్ల ఫొటోలు చూస్తే ఇవాళ వేసుకున్నా బాగుంటాయనిపిస్తుంది. కటింగ్ తప్పితే జరీ కప్పేస్తుంది అనుకునే మన అలవాటు మీద నాకు ఎప్పటినుంచో కోపం, నీకూ చెబుతూనే ఉంటాను.

పట్టంతా పారాచూట్లకి పోయింది, పట్టు మేజోళ్ళు అమ్మడమే ఆపేశారు, అమ్మాయిలు కాళ్ళకి రంగు పూసుకుని పిక్క వెనకాల పెన్సిల్‌తో కుట్టు గీత గీసుకునేవారు. ఆ ముచ్చట అందరూ చెబుతారు కాబట్టి దాని దగ్గర ఆగను. పాత బట్టలు విప్పి తిప్పి కుట్టుకోవడం, మాసికలు వేసుకోవడం, రఫ్ఫు కొట్టుకోవడం ఎలాగో ప్రభుత్వమే 1943లో చిన్న పుస్తకం వేసి మరీ నేర్పింది. మన వైపూ ఆ రోజుల్లో గుడ్డకి కరువే. ప్రభుత్వం లెక్కగా ఇచ్చే కంట్రోలు బట్ట కోసం క్యూలో నిలబడ్డ సంగతి మా అమ్మమ్మ చెప్పేది, నేత నేసేవాళ్ళకే నూలు దొరకలేదట. లండన్‌లో కూపన్, ఇక్కడ కంట్రోలు, యుద్ధం ఒక్కటే.

నువ్వు కాలేజీకి వేసుకెళ్ళే మెత్తటి బ్యాలెరినా బూట్లు ఉన్నాయే, అవి వీధిలోకి వచ్చింది కూడా ఈ యుద్ధం వల్లే. అమెరికాలో 1943 ఫిబ్రవరిలో తోలు బూట్లకి రేషన్ పెట్టారు, నాట్యం బూట్లకి మాత్రం ఆ రేషన్ లేదు. క్లెయిర్ మెకార్డెల్ అని న్యూయార్క్‌లో ఆడవాళ్ళ బట్టలు డిజైన్ చేసే ఆవిడ, నాట్యం బూట్లు కుట్టే కపీజియో వాళ్ళ చేత తన గౌన్లకి నప్పే గుడ్డతో, కింద గట్టి అడుగు వేయించి, బయట నడవడానికి పనికొచ్చేలా చేయించింది. అవసరం కొద్దీ వేసుకున్నవాళ్ళు యుద్ధం అయిపోయాక కూడా వదల్లేదు. స్టేజీ మీది వస్తువు వంటగదికీ ఆఫీసుకీ బస్టాపుకీ వచ్చేసింది. నేను ఇన్నాళ్ళూ నాట్యం బట్ట వేరు, కట్టుకునే బట్ట వేరు అనుకునేదాన్ని.

మళ్ళీ ఆ కంపెనీ దగ్గరికి వస్తాను. హాలండ్‌లో అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆడటం మానలేదు. సొంత థియేటర్ బాంబులకి ఇళ్ళు పోయినవాళ్ళకి ఆశ్రయంగా మారింది, అద్దె స్టేజీల మీద, ఊళ్ళు తిరుగుతూ, ఆర్కెస్ట్రా లేకుండా రెండు పియానోలతో ఆడిన రోజులు కూడా ఉన్నాయి. పోయిన వాటిలో దాంతె సొనాటా అనే దానికి మళ్ళీ బట్టలు కుట్టుకున్నారు. సోఫీ ఫెడొరోవిచ్ అనే ఆవిడ దానికి డిజైన్ చేసింది: అందులో వెలుగు పిల్లలనే పాత్రలకి తెలుపు, చీకటి పిల్లలకి నలుపు, కాళ్ళకి బూట్లే లేవు. యుద్ధం మొదటి చలికాలంలో, 1940 జనవరిలో వచ్చిన బ్యాలే అది. నిజం చెప్పాలంటే ఆవిడ పని నాకు అందరికంటే నచ్చింది, ఎంత తీసేయాలో తెలిసిన మనిషి.

ఇక 1946. కోవెంట్ గార్డెన్ ఒపేరా హౌస్ యుద్ధమంతా డాన్సు హాలుగా నడిచింది, సైనికులు సెలవుల మీద వచ్చి అక్కడే జంటలుగా ఆడేవారు. దాన్ని మళ్ళీ నాటకశాలగా తెరవాలి, ఫిబ్రవరి 20న స్లీపింగ్ బ్యూటీతో. రాజుగారు, రాణిగారు, రాజకుమార్తెలు వస్తున్నారు. బట్టలూ తెరలూ డిజైన్ చేసినాయన ఆలివర్ మెసెల్. యుద్ధంలో ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నావు? కాంక్రీటు కాపలా గూళ్ళని శత్రువు గుర్తుపట్టకుండా గడ్డివాముల్లా, పాడుబడ్డ కట్టడాల్లా కనబడేలా తయారుచేయడం. అదే చేత్తో ఈ బట్టలూ చేశాడు. అందుకే అంత తక్కువ సరుకుతో అంత రాజసం వచ్చింది, మ్యూజియంలో నాకు కలిగిన అనుమానం తీరింది.

కానీ గుడ్డ ఎక్కడిది? యుద్ధం అయిపోయినా రేషన్ పోలేదు, ఇంకా బిగిసింది. 1945 సెప్టెంబర్ నుంచి 1946 ఏప్రిల్ దాకా, ఎనిమిది నెలలకి కలిపి మనిషికి 24 కూపన్లే. ఒక ఉన్ని గౌను, ఒక జత బూట్లు, ఇంకో నాలుగు జతల మేజోళ్ళు కొంటే చేతిలో ఏమీ మిగలవు. ఏళ్ళ తరబడి అవే బట్టలు తిప్పి తిప్పి కట్టుకున్న ఆడవాళ్ళు కొత్త గౌను కోసం ఎంత మొహం వాచి ఉంటారో ఆలోచించు. అలాంటి రోజుల్లో ఒపేరా హౌస్‌లో పనిచేసేవాళ్ళు, బ్యాలేని ఇష్టపడే మామూలు జనం తమ కూపన్లు ఇచ్చేశారు. ఎవరో ఒక అమ్మాయి స్టేజీ మీద ఆ కథలోని రాజకుమారి అరోరాగా తిరగడానికి తన బూట్లు మానుకున్న మనిషి ఉందన్నమాట ఆ జనంలో. ఇది చదివి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆ రాత్రి తెర లేచినప్పుడు వాళ్ళ కళ్ళకి ఏం కనబడిందో నేను ఊహించుకోగలను. యుద్ధంలో ఏళ్ళ తరబడి రాత్రిపూట కిటికీలకి నల్లగుడ్డలు కట్టుకున్న ఊరు అది. రెండు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్ 24న, అదే స్టేజీ మీద సింఫోనిక్ వేరియేషన్స్ అనే బ్యాలే వచ్చింది. ఆరుగురే నర్తకులు, అందరికీ తెల్లటి పొదుపైన బట్టలు, డిజైన్ మళ్ళీ సోఫీ ఫెడొరోవిచే. ఈ రెండిటి డ్రెస్సుల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూడు. ఒకటి లేనిదాన్ని ఉన్నట్టు చూపించింది, రెండోది ఉన్నంతలోనే నిలబడింది. తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో పారిస్‌లో బట్టలు డిజైన్ చేసే క్రిస్టియన్ డియోర్ సన్నటి నడుం, గజాల కొద్దీ గుడ్డతో గుండ్రటి లంగా తెచ్చినప్పుడు ఇంత దుబారానా అని తిట్టినవాళ్ళున్నారు. నాకు మాత్రం ఎగబడ్డ ఆడవాళ్ళే అర్థమయ్యారు, నాలుగు మడతలే వేసుకోవాలన్న లెక్కలో బతికినవాళ్ళు మరి.

యుద్ధాన్ని టూటూ ఆపుతుందని నేను చెప్పను. ఆపదు. నీకు బాధ కలగడం తప్పని కూడా అనను, కలగకపోతేనే నేను కంగారుపడేదాన్ని. డబ్బు పంపగలిగితే పంపు, సెలవు రోజు ఎక్కడైనా చేతిసాయం చెయ్యగలిగితే చెయ్యి. కానీ సిగ్గుపడుతూ సూది పట్టుకోకు, కుట్టు వంకరపోతుంది. నువ్వు నేర్చుకుంటున్న పని కోసం ఒకప్పుడు నువ్వున్న ఊళ్ళోనే, నీకంటే తక్కువ ఉన్న ఆడవాళ్ళు తమ ఒంటిమీదికి రావాల్సిన గుడ్డని ఇచ్చారు. వాళ్ళకి తెలియదనుకోకు ఏది ముఖ్యమో.

పార్సిల్ రేపు వేస్తున్నాను. పచ్చళ్ళతో పాటు ధర్మవరం పట్టు ముక్కలు ఒక సంచి పెట్టాను, రంగప్రవేశం డ్రెస్సుల్లో మిగిలినవి, చెయ్యి అడ్డం కంటే చిన్నవి లేవు. మీ మేడమ్ డ్రెస్సు పైభాగానికి కుట్టు లోపల గుడ్డ తక్కువ వదలమన్నారని అన్నావు కదా, పరీక్షకి ఆవిడ చెప్పినట్టే చెయ్యి. కానీ స్టేజీ ఎక్కేదానికి పక్క కుట్లలో రెండు వేళ్ళంత వదులు. వచ్చే ఏడు ఇంకో పిల్ల వేసుకుంటుంది, విప్పి పెద్దది చేసుకుంటారు.

అమ్మ