దగ్గు మాట

ఏటికొప్పాక,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి బాబుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. వరాహ నదిలో నీళ్ళు తగ్గాయి. మన లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్ర ఈసారి ఆలస్యంగా వచ్చింది, ఇంకా పచ్చిగానే ఉంది. పెద్దాడు పాకకు రేకులు మార్పించాడు. తెల్లావు ఈనింది, పెయ్యదూడ. ఐదు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు కాబట్టి ఇవేవీ నీకు తెలిసి ఉండవు. పని ఒత్తిడి అయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

కోడలు మొన్న మీ అక్కతో మాట్లాడుతూ, నీకు రాత్రిళ్ళు దగ్గు వస్తోందని, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటున్నావని అన్నదట. అత్తయ్యకు చెప్పవద్దు అని కూడా అన్నదట. అక్క నాకు చెప్పకుండా ఉంటుందా? కోడలిని ఏమీ అనకు. అమెరికాలో మీది చలి ఊరు, దగ్గు వస్తుంది. దాని గురించి రాయాలని కూర్చోలేదు.

నువ్వు చేసి పంపిన ఫోటో, అదే బల్ల మీద బంతులు కొట్టే పూల్ ఆట కర్రది, పెద్దాడి ఫోన్లో రోజూ చూస్తున్నాను. నాలుగు అడుగుల పది అంగుళాల కర్రను రెండు ముక్కలుగా చేసి మధ్యలో మరతో కలిపావు చూడు, అతుకు ఎక్కడుందో కనిపించనే లేదు. మీ నాన్న ఉంటే అక్కడ గోరు పెట్టి గీసి చూసేవారు. రోజ్‌వుడ్ పిడి అయితే అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టుంది. ఆ మెరుపు దేనితో వచ్చిందని అడిగితే కార్లకు రంగు మీద వేసే క్లియర్ అనే రంగులేని పూత అన్నావు. రెండు డబ్బాలు కలిపి స్ప్రే కొడతానన్నావు. గరాజ్ తలుపు తీస్తే చలికి పూత ఆరదు, దుమ్ము కూర్చుంటుంది, అందుకని తలుపు వేసేస్తానన్నావు. ఆ రోజు విని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

మన పద్ధతిలో లేత్ తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తే చాలు, రాపిడి వేడికే కరిగి కర్రకు పట్టుకుంటుంది. మీద మొగలి ఆకు పట్టి రుద్దితే మెరుపు. ఊపిరిలోకి పోయే తుంపర ఉండదు. దీనికి నీ జవాబు నాకు గుర్తుంది. పూల్ బల్లల దగ్గర మందు గ్లాసులు ఉంటాయి, ఒక చుక్క ఒలికినా లక్క మీద మచ్చ పడుతుంది, అరచేతి చెమటకు మసకబారుతుంది అన్నావు. నిజమే, లక్కను కరిగించేదే స్పిరిట్. ఆ విషయంలో నీదే పైచేయి. ముందు భాగంలోని మేపుల్ కర్రకు, వేళ్ళ మీద జారేచోట, దళసరి పూత వేయవని కూడా చెప్పావు. అంటే ఇంత గొడవా పిడి కోసమే.

చిన్నమామయ్య సంగతి నీకు సగమే తెలుసు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. గాజువాకలో ఒక షెడ్డులో కార్లకు రంగు కొట్టే పనికి కుదిరాడు కదా. ముక్కుకు జేబురుమాలు కట్టుకునేవాడు. మొదటి ఏడాది ఏమీ కాలేదు. రెండో ఏడు వానల్లో దగ్గు మొదలైంది. పగలు తిరుగుతూనే ఉండేవాడు, రాత్రి పదకొండు దాటితే లేచి మంచం మీద కూర్చునేవాడు. ఇంట్లో తేమ ఉందని అత్తయ్య ఇల్లు మార్పించింది. నేను వాము కషాయం, తులసి రసం, మిరియాల పాలు, నాకు తెలిసినవన్నీ పోశాను. సంక్రాంతికి వారం రోజులు మన ఇంట్లో ఉన్నాడు. ఒక్క దగ్గు లేదు! అరిసెలు తిన్నాడు, చల్లటి నీళ్ళతో తలస్నానం చేశాడు. మన ఊరి గాలి మహిమ అని మురిసిపోయాం. గాజువాక వెళ్ళిన మూడో రాత్రికి మళ్ళీ అదే. మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్ళి వరుసలో నిలబడి చేపమందు కూడా మింగి వచ్చాడు. చివరికి విశాఖలో ఛాతీ డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన ముందుగా అడిగింది ఒకటే, సెలవు రోజుల్లో ఎలా ఉంటుంది అని. అప్పటిదాకా మాలో ఒక్కరికీ తట్టని మాట అది. రెండో డబ్బాలో, పూతను గట్టిపరిచే దానిలో, ఐసోసయనేట్లని ఉంటాయట. మామయ్య చేత ఈ పేరు కాగితం మీద రాయించుకుని నీ కోసం చూసి రాస్తున్నాను. వాసనను బట్టి కనిపెట్టలేమట. ఒకసారి ఊపిరికి పడకుండా పోతే తర్వాత చిటికెడు చాలట. మామయ్య ఇప్పుడు టైర్ల కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. ఈనాటికీ రంగు షెడ్డు ముందు నుంచి బండి మీద వెళితే ఊపిరి బిగుసుకుంటుంది. ఎంత పనితనం వాడిది! నిలువు తలుపు మీద కూడా పూత జారనిచ్చేవాడు కాదు.

మీరు నయాగరా వెళ్ళిన నాలుగు రోజులూ నువ్వు దగ్గలేదట. కోడలే అన్నది.

బాబూ, దుమ్ముకు కట్టుకునే మాస్కు దీనిని ఆపదు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే ముసుగు కావాలట. చేతులకు తొడుగులు కూడా వేసుకోవాలి, చర్మానికి తగిలినా చేటేనట. సరిగా ఆరని పూతను ఉప్పు కాగితంతో రుద్దితే లేచే దుమ్మూ మంచిది కాదు. నీ గరాజ్ మీదే కదా బుజ్జి పడుకునే గది? అది ఆలోచించావా? ఇంకొకటి, నూనె వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరేయి.

పని మానేయమని అనడం లేదు. నువ్వే చెక్కు, 600 నంబరు ఉప్పు కాగితం దాకా నువ్వే పట్టు, జిడ్డు ఊరే కర్ర అయితే ఎసిటోన్‌తో తుడువు. పూత ఒక్కటి, గాలి లాగే గది ఉన్న కార్ల దుకాణంలో వేయించు. బాగా ఆరిన తర్వాత నీళ్ళు పెట్టి 1500, 2000 కాగితాలతో రుద్ది నువ్వే మెరుపు తెచ్చుకో. మీ నాన్న చెక్కేవారు, నేను లక్క కాచి రంగు కలిపేదాన్ని. రసాయన రంగులు వదిలి పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వైపు మళ్ళినప్పుడు పాత ఎరుపు రావడం లేదని ఆయన ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నీకు తెలుసు. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కదా అని నేనంటే, మర్నాడు పాత డబ్బాలు పాకలోంచి తీయించేశారు. 2023లో మన ఊరి బొమ్మల కళాకారుడు సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు నువ్వు ఫోన్ చేసి ఇవన్నీ అరగంట తలుచుకున్నావు. అరగంట మాట్లాడినా ఒక్కసారి దగ్గలేదు. అప్పటికి ఈ స్ప్రే లేదు.

పెద్దాడి స్నేహితుడు మీ కొలంబస్ వస్తున్నాడు. అతని చేతికి లక్క కడ్డీలు, బుజ్జికి రెండు బొంగరాలు, వాము పొడి ఇస్తున్నాను. వాము పొడి ఉంది కదా అని డాక్టరు దగ్గరకు వెళ్ళడం మానకు. వెళ్ళినప్పుడు ఏ పూత కొడుతున్నావో ఆ డబ్బా పేరు చెప్పు, జలుబు అని చెప్పి రాకు.

వచ్చే ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఫోన్ నా ఒళ్ళోనే ఉంటుంది. మాట్లాడుతుండగా దగ్గు వస్తే ఫోన్ దూరంగా పెట్టకు. నన్ను విననీ.

మీ అమ్మ