రాత్రి రెండింటికి ఎవరిని అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ మీద మీ పత్రికలో చాలా వస్తుంటాయి, కొత్త మందులు, ముందే గుర్తుపట్టడం, బయటపడ్డవాళ్ళ అనుభవాలు. అవన్నీ కావాల్సినవే. మంచం పక్కన కూర్చుని మాత్రలు లెక్కపెట్టుకునే మనిషి సంగతి మాత్రం ఎక్కడా కనబడదు, అందుకే నేనే రాస్తున్నాను. మా ఆయనకు జబ్బు ఎముకలకు పాకింది. ఏడు నెలలుగా ఆయన నొప్పి మందులు చూసుకునేది నేనే.

మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, నొప్పి ఉన్నా లేకపోయినా టైముకి వేయాలి. వచ్చాక ఇద్దాంలే అనుకున్నామా, ఇక ఆ నొప్పి ఒక పట్టాన లొంగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పిన పద్ధతి ఇది. నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది, చీటీ రాసిచ్చారే గానీ కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు మరి. మార్ఫిన్‌తో పాటే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టాలని సైతం ఆలస్యంగానే తెలిసింది. ఆ మలబద్ధకంతో ఆయన అల్లాడుతుంటే తప్పు నాదేనని కుమిలిపోయాను.

మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనపు డోసు ఇవ్వాలి. ఇప్పుడే ఇవ్వాలా, కాసేపు ఆగాలా? రాత్రి రెండింటికి అది తేల్చాల్సింది నేనే. ఇచ్చాక ఆయన నిద్రలోకి జారుకుంటే, ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చుంటాను. చుట్టాలేమో అలవాటైపోతుంది జాగ్రత్త అని ఫోన్లో సలహాలు. నొప్పికి డాక్టర్ లెక్క ప్రకారం ఇచ్చే మందు వేరు, వ్యసనం వేరు అని చెప్పి చెప్పి విసుగొచ్చింది.

సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత అని డాక్టరు గారు అడిగితే మా ఆయన నా మొహం చూసి "నాలుగు" అంటారు. ముందు రోజు రాత్రికి నా నోటుబుక్కులో ఎనిమిది అని ఉంది. నేను బాధపడతానని ఆయన దాస్తారు, ఆయనకు వినబడకూడదని నేను బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తాను. మొన్న ఆ పుస్తకం తిరగేస్తే ఒకచోట టైము ఉంది, పక్కన ఏమీ లేదు. ఆ రాత్రి మాత్ర వేశానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇంకోటి కూడా, రాయనా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను, ఒకసారి ఆయన పిలిస్తే విననట్టు రెండు నిమిషాలు అలాగే పడుకున్నాను.

చూసుకునేవాళ్ళ మీద పడే భారం కొలవడానికి జారిట్ పేరుతో 22 ప్రశ్నల పట్టిక ఎప్పట్నుంచో ఉందట. ఏడు నెలల్లో నన్ను ఒక్క ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. పట్టిక లేకపోతే పోనీ, ఇంటికి పంపేముందు ఒక అరగంట కూర్చోబెట్టి మందుల సంగతి చెప్పి, రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తే నంబరు ఒకటి ఇవ్వమనండి. మీ ఆరోగ్యం పేజీలో ఒక వారం మా గురించి కూడా వేయండి.

- ఒక పాఠకురాలు
(పేరు వేయవద్దని మనవి, మా ఆయన రోజూ పేపరు చదువుతారు)