కాలు తీయడానికి కార్డు ఉంది, కట్టు కట్టడానికి లేదు

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నాలుగో అర్జీ. మొదటి మూడు అర్జీలూ, అర్జీలు తీసుకునే సోమవారాల్లో క్యూలో నిలబడి ఇచ్చినవే. రసీదులు భద్రంగా ఉన్నాయి, జవాబులే లేవు.

మా బాపుకు షుగర్ వచ్చి పన్నెండేళ్లు. నెలనెలా మాత్రలు ఇస్తున్నారు, కాదనను. బీపీ చూస్తారు, వేలికి సూది గుచ్చుతారు, పుస్తకంలో రాస్తారు. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు 'చెప్పులు విప్పు, అరికాళ్లు చూస్తా' అన్న పాపాన పోలేదు. స్పర్శ ఉందో లేదో చూడటానికి సన్నటి నైలాన్ పోగు చాలు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు సార్! పత్తి చేలో తుమ్మముల్లు దిగితే బాపుకు తెలియనే లేదు. చెప్పులో తడి చూసి అది చీము అని అమ్మ గుర్తుపట్టింది.

రెండు వేళ్లు తీసేశారు. ఆరోగ్యశ్రీ కాబట్టి పైసా అడగలేదు, దండం పెడతాను. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. ఊళ్లో అడిగితే 'మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి పోండి' అన్నారు. అది 38 కిలోమీటర్లు. కాలు కింద పెట్టొద్దన్నారు, ఇక బస్సెక్కేదెట్లా? ఆటోకు రానుపోను 900. ఒక్కోసారి అక్కడ కట్టుగుడ్డ కూడా ఉండదు, బయట కొనుక్కురమ్మంటారు. నెలకు పదిహేను సార్లు ఇదే. నాకు ఆ రోజు కూలి పోయినట్టే. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. అప్పు పుట్టనప్పుడు నాలుగు కట్లు ఎగ్గొట్టాం. డాక్టరు గారు 'ఇంత నిర్లక్ష్యమా' అని కోప్పడ్డారు. జేబులో 900 లేకపోవడాన్ని నిర్లక్ష్యం అంటారని ఆ రోజే తెలిసింది.

పుండు ఎముకలోకి దిగింది. మోకాలి కింద తీసేశారు. ఈసారీ ఉచితమే.

ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు, సంతోషం. ఆ 10 లక్షల్లో మూరెడు కట్టుగుడ్డకు చోటు లేదా సార్? కాలు కోస్తే మీ లెక్కలోకి ఎక్కుతుంది, నిలబెడితే ఎక్కదా?

కుష్ఠు వచ్చి స్పర్శ పోయినవాళ్లకు ప్రభుత్వమే ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరు చెప్పులు ఇస్తుంది. షుగర్‌తో మొద్దుబారిన కాలూ అలాంటిదే కదా. మాకూ ఇప్పించండి. ఊళ్లోనే కట్టు కట్టే మనిషిని పెట్టండి. కనీసం ఎవరో ఒకరు ఆ కాలు చూడమని చెప్పండి, అదొక్కటైనా చేయండి.

బాపుకు మిగిలిన కాలు మడమ పగిలింది. సోమవారం మళ్లీ వస్తున్నాం. చూపించడానికి ఈసారి ఒక్క చెప్పే ఉంటుంది.

ఇట్లు,
ఒక పత్తి రైతు కొడుకు