నిజాయితీ కొట్టు, బండి తాళం

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల ముందు రాసే ఉత్తరంలో మామూలుగా మార్కులు, ఫీజుల సంగతులే ఉంటాయి. అవి వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి మన బడిలోని నిజాయితీ కొట్టు గురించి చెప్పాలి.

జూన్‌లో మెట్ల కింద ఒక బల్ల వేసి నోటుపుస్తకాలు, పెన్నులు పెట్టాం. అమ్మేవాళ్లు ఉండరు. కావలసింది తీసుకుని డబ్బు డబ్బాలో వేయాలి. మొదటి నెల రూపాయి తేడా రాలేదు. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చేనాటికి డబ్బాలో తరుగు మొదలైంది. నాకు మనసు కష్టమై ప్రార్థన దగ్గర అరగంట నీతి చెప్పాను. మరుసటి వారం ఇంకా తగ్గింది!

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "మేం దొంగలం కాదు సార్. చిల్లర లేక రేపు వేద్దామనుకుంటాం, మర్చిపోతాం. ఎవరూ అడగరు కదా, అలా అలవాటైపోతుంది" అంది. బల్లను స్టాఫ్ రూమ్ ఎదుటికి మార్చి, బాకీ రాసుకోవడానికి ఒక పుస్తకం వేలాడదీశాం. శనివారం లెక్క పిల్లలే చూస్తారు. దసరా నుంచి లెక్క దాదాపు సరిపోతోంది. పిల్లలు మాత్రం ఆ పిల్లలే.

ఇరవై ఏళ్లకు పైగా నీతికథలు చెప్పినవాణ్ని, ఒప్పుకోవడం కష్టమే. కానీ మనిషి మంచివాడైతే చాలు, నేరం దానంతటదే పోతుందని ఇక చెప్పలేను. మన ఊళ్ల సంగతే చూడండి. కోళ్లను పందేనికి దింపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. జూదానికి 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ చట్టం ఉంది. అయినా భోగినాడు బరి చుట్టూ నిలబడి పైపందేలు కాసేది దొంగలా? గుడికి చందాలిచ్చేవాళ్లు, వరదొస్తే పక్కవీధికి అన్నం వండి పంపేవాళ్లు. అందరూ వస్తారు, ఎవరూ తప్పనరు, కాబట్టి తప్పనిపించదు. (మా బావగారు ఏటా నన్నూ పిలుస్తారు. రానని చెప్పడం నాకూ తేలిక కాదు.) ఆ పక్కనే గుండాట బల్ల దగ్గర పదేళ్ల పిల్లలు కూడా నిలబడి ఉంటారు. వాళ్లనక్కడికి తీసుకెళ్లకండి.

ఇంకొకటి, బండి. "మావాడు బుద్ధిమంతుడు సార్, నెమ్మదిగానే నడుపుతాడు" అని మీలో కొందరు అన్నారు. బుద్ధిమంతుడే, నాకూ తెలుసు. ఇద్దరు స్నేహితులు వెనకెక్కి కాలవగట్టు మీద "లాగరా" అంటుంటే వాడి బుద్ధి ఎంతసేపు ఆగుతుంది? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి పట్టుబడితే తండ్రికో బండి యజమానికో 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. తాళం మీ జేబులోనే ఉంచుకోండి.

మొన్న శనివారం లెక్క చూసిన పిల్లలు బాకీ పుస్తకంలో 45 రూపాయలు రావాలని తేల్చారు. అందులో 20 నావే, ఎర్రపెన్నులకు. ఈ పూటే కట్టేస్తున్నాను.

మీ
ప్రధానోపాధ్యాయుడు